అత్తమ్మ కడుపులో స్టెంటు

మా అత్తమ్మ పరకాలలో దావత్‌లకు వంట చేస్తుంది. పెండ్లి అయినా, పుట్టువెంట్రుకలైనా, మా చర్చి పండుగైనా ఆ చుట్టుపక్కల ముందు ఆమెనే అడుగుతారు. ఆమెతోపాటు అదే వాడకు చెందిన కొందరు ఆడవాళ్లు ఉంటారు. కూరగాయలు కోసేది, మసాలా నూరేది వాళ్లు. పొయ్యి దగ్గర మాత్రం ఆమే నిలబడుతుంది. మా మామ పోయినప్పటి నుంచి అదే ఆమె బతుకుదెరువు. మా ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేరాక ఇక మానెయ్యమని చాలాసార్లు చెప్పాడు. నువ్వు స్తంభాలెక్కుడు మానేసిన నాడు నేను పొయ్యి కాడికి పోవుడు మానేస్తనని ఆమె నవ్వి ఊరుకునేది.

నేను హసన్‌పర్తిలో ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు లెక్కలు చెబుతాను. మా కాపురం అక్కడే. పరకాల నుంచి బస్సెక్కితే పెద్ద దూరమేమీ కాదు. అయినా అత్తమ్మ మా ఇంటికి వస్తే ఒకటి రెండు పూటలకు మించి ఉండేది కాదు. మా మధ్య కొట్లాటలు లేవు, పెద్దగా మాటలూ లేవు. నేను వండింది తినేది, కంచం కడిగి బోర్లించేది, సంచి భుజానికేసుకొని బయలుదేరేది. బాగుందనీ అనేది కాదు, బాగలేదనీ అనేది కాదు. అంత వంట తెలిసిన మనిషి నా కూరను నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ నాకు పరీక్ష రాసి కూర్చున్నట్టు ఉండేది.

ఏండ్ల తరబడి నిలబడి, బరువు గంజులు దించి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. మెడికల్ షాపులో అడిగి నొప్పి గోలీలు తెచ్చుకునేది. దావత్ ఉన్న రోజు తెల్లవారకముందే లేచి, ఉత్త కడుపు మీద చాయతో ఒక గోలీ మింగి పనికి దిగేది. కాళ్లు మళ్లీ గుంజితే ఇంకొకటి. నడుమ నడుమ కడుపులో మంటగా ఉందంటే కాసిన్ని సల్ల తాగి పడుకునేది. మంట వేరు, మోకాళ్ల నొప్పి వేరు అన్నదే ఆమె లెక్క. మాకెవరికీ ఆ రెండింటికీ నడుమ ఉన్నది ఆ గోలీయే అని తట్టలేదు.

ఆ ఎండాకాలం బడికి సెలవులిచ్చాక మామిడికాయ తొక్కు పెట్టడానికి పరకాల వెళ్లాను. పొద్దుటి పూట వాకిట్లో చెట్టు నీడకు కూర్చొని అత్తమ్మా, ఆమెతో వంటకు వచ్చే ఇద్దరు ఆడవాళ్లూ కాయలు కొడుతున్నారు. నేను ముక్కలు తుడుస్తున్నాను. మాట్లాడుతూ మాట్లాడుతూనే అత్తమ్మ చేతిలోని కత్తి వదిలేసి ముందుకు వంగిపోయింది. ముఖమంతా చెమట. రెండు చేతులతో పొట్ట పట్టుకొని అట్లాగే ఒక పక్కకు ఒరిగింది.

"కడుపుల కత్తి దిగినట్టయింది బిడ్డా. కదిలియ్యకుండ్రి నన్ను" అన్నది.

గ్యాసేమో, జర వాము నమిలితే తగ్గుతుందన్నది ఒకామె. నేను ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టి చూశాను. చెక్కను ముట్టుకున్నట్టే ఉంది. వాము సంగతి వదిలేసి పక్కింటాయన కారు అడిగాను. హనుమకొండ దాకా ఆమె వెనక సీట్లో మోకాళ్లు పొట్టకు ముడుచుకొని పడుకుంది. దారిలో కారు కుదిపినప్పుడల్లా పళ్లు బిగపట్టేది తప్ప ఒక్క కేక వెయ్యలేదు. మా ఆయనకు ఫోన్ చేస్తే డ్యూటీ మధ్యలోంచే నేరుగా దవాఖానకు వచ్చాడు.

అక్కడి సర్జన్ నెరిసిన జుట్టు పెద్దాయన. పొట్టను మెల్లగా నొక్కి చూసి వెంటనే ఎక్స్‌రే తీయించాడు. ఫిల్మ్‌లో పక్కటెముకల కింద సన్నని నెలవంకలాంటి నల్లటి గీతను మాకు చూపించి, గాలి అక్కడ ఉండకూడదని చెప్పాడు. తర్వాత అత్తమ్మ వైపు తిరిగి నొప్పి గోలీలు వేసుకుంటారా అని అడిగాడు.

"పొద్దుగాల ఒకటి ఏసుకున్న సారూ."

"ఎప్పటి నుంచి వాడుతున్నారమ్మా?"

"మోకాళ్లు నొచ్చినప్పటి సంది."

ఆయన తల పంకించి మమ్మల్ని పక్కకు పిలిచాడు. కడుపు దాటగానే మొదలయ్యే చిన్నపేగులో పుండయి, అది లోతుకు తిని చిల్లు పడింది. పేగులోనే ఉండాల్సిన ఆమ్లమూ, పసరనే పైత్యరసమూ ఆ చిల్లులోంచి పొట్టంతా పారుతున్నాయి. ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలి. మా ఆయన కాగితాలు చదవకుండానే చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. పొట్టను శుభ్రంగా కడిగి, చిల్లు మీద పక్కనున్న కొవ్వు పొరను తెచ్చి అడ్డంగా పెట్టి కుట్టామని సర్జన్ చెప్పాడు. పొట్టకు కుడి పక్కన ఒక రబ్బరు గొట్టం పెట్టారు. లోపల మిగిలిన చెడు నీరు దానిలోంచి సంచిలోకి వస్తుంది. మొదట్లో ఎర్రగా, తర్వాత పలచగా వచ్చింది. అత్తమ్మ కండ్లు తెరిచి మాట్లాడింది. మొదటి మాట తొక్కు గురించే. ముక్కలు ఎండిపోయుంటయి, పారేయకుండ్రి, ఉప్పేసి ఊరబెట్టుమని చెప్పుండ్రి అన్నది. నేనూ మా ఆయనా చాలా కాలానికి కలిసి నవ్వాము.

ఇక ఒకటి రెండు రోజుల్లో నీళ్లు తాగిస్తారని అనుకుంటుండగా జ్వరం వచ్చింది. ఆ పొద్దున సంచి మార్చడానికి వచ్చిన నర్సు దానిని వెలుతురుకు ఎత్తి పట్టుకొని చూసి, సర్జన్‌ను పిలవడానికి వెళ్లింది. నేనూ చూశాను. సంచిలోని నీరు పచ్చగా ఉంది. పసరు రంగు.

సర్జన్ వచ్చి మంచం పక్కనే నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. కుట్టిన చోట పూర్తిగా అతుక్కోలేదు, లీకవుతోంది. పుండు పెద్దదైనప్పుడు, చుట్టూ పేగు వాచి మెత్తబడ్డప్పుడు కొందరిలో ఇట్లా అవుతుందన్నాడు. ఆ రోజే ఆమెను ఐసీయూకు మార్చారు. నోటికి ఏమీ ఇవ్వొద్దని మంచం తలాపున రాసి పెట్టారు. ఒక్క చుక్క నీళ్లు కూడా వద్దు. పెదాలు ఎండిపోతే తడి గుడ్డతో అద్దేవాళ్లం.

ఏం చెయ్యాలనే దగ్గర మా ఇంట్లో రెండు మాటలయ్యాయి. మళ్లీ పొట్ట తెరిచి కుట్టొచ్చు, కానీ జ్వరంతో, నీరసంతో ఉన్న మనిషికి అది పెద్ద ప్రమాదం, వాచిన పేగుకు కుట్లు నిలుస్తాయన్న నమ్మకం కూడా తక్కువ అని సర్జన్ చెప్పాడు. ఇంకొక దారి ఉంది, దాని గురించి గ్యాస్ట్రో డాక్టరమ్మ చెబుతుందన్నాడు. మా ఆయన ఏదైనా సరే హైదరాబాద్‌కు తీసుకుపోదామంటాడు. ఆయన బాబాయి ఫోన్లో అదే మాట. అంబులెన్సు కూడా ఎవరో మాట్లాడి పెట్టారు.

గ్యాస్ట్రో డాక్టరమ్మ మధ్యాహ్నం వచ్చింది. నా ఈడుదే ఉంటుంది. వరండాలో మా ఇద్దరికీ ఒక కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. నోట్లోంచి కెమెరా గొట్టం పంపి, చిల్లు ఉన్న చోటికి ఒక స్టెంటు చేరుస్తారు. సన్నని లోహపు తీగలతో అల్లిన జాలీ గొట్టం అది, పైన పలచని పొర తొడిగి ఉంటుంది. పోయేటప్పుడు సన్నగా ముడుచుకొని పోతుంది, అక్కడికి చేరాక విచ్చుకొని పేగు గోడలకు ఆనుకుంటుంది. పసరు ఆ గొట్టం లోపల్నుంచి కిందికి జారిపోతుంది కాబట్టి చిల్లును తాకదు. తాకకపోతే చిల్లు తనంతట తాను పూడుకుంటుంది. పూడినాక స్టెంటును మళ్లీ నోట్లోంచే తీసేస్తారు.

మా ఆయన గ్యారంటీ ఉందా అని అడిగాడు. ఆమె లేదన్నది. కొందరికి మంచిగ పని చేస్తుంది, కొందరికి జారుతుంది, పని చెయ్యకపోతే మళ్లీ ఆపరేషన్ తప్పకపోవచ్చు అన్నది. ఆ మాటతో మా ఆయన ఇంకా బెదిరిపోయాడు. అయితే హైదరాబాదే నయం అని ఫోన్ తీశాడు.

అప్పుడు నేను ఒక మాట అన్నాను. అప్పటిదాకా అది చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు, ఎందుకంటే వాళ్లు తల్లీకొడుకులు, నేను మధ్యలో వచ్చినదాన్ని. "ఆమెను అడుగుదాం. కడుపు ఆమెది" అన్నాను.

మా ఆయన ఆమెకు చెబితే భయపడుతుందన్నాడు. డాక్టరమ్మ మాత్రం కాగితం మడిచి పట్టుకొని నేరుగా అత్తమ్మ మంచం దగ్గరికి నడిచింది. స్టూలు లాక్కొని కూర్చొని, మాకు చెప్పినట్టే అంతా మెల్లగా చెప్పింది. అత్తమ్మ కండ్లు మూసుకొని వింటోంది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"కడుపు మల్ల కొయ్యరు గద?" అన్నది కండ్లు తెరవకుండానే.

"కొయ్యమమ్మా. నోట్లోంచే పెడతం."

"అది లోపల్నే ఉంటదా?"

"పుండు మానేదాక. మానినంక తీసేస్తం."

"పని చెయ్యకపోతే?"

"అప్పుడు మళ్లీ ఆపరేషన్ గురించి ఆలోచించాల్సి వస్తది. జారే అవకాశం కూడా ఉన్నది. నీకు అబద్ధం చెప్పను."

అత్తమ్మ కండ్లు తెరిచి ఆమెను కాసేపు చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "హైదరాబాద్ దాక నన్ను కుదిపియ్యకు బిడ్డా. ఈ పిల్ల ఉన్నది ఉన్నట్టు చెప్తాంది. ఈమెనే పెట్టనీ" అన్నది.

మా ఆయన వరండాలోకి పోయి అంబులెన్సు వద్దని ఫోన్ చేశాడు.

మరునాడు స్టెంటు పెట్టారు. మత్తు ఇచ్చి లోపలికి తీసుకుపోయారు. మేము తలుపు బయట కూర్చున్నాము. పెద్ద ఆపరేషన్ అంత సేపు పట్టదని చెప్పారు గానీ, ఆ కాస్త సేపే కదలనట్టు అనిపించింది. మా ఆయన తల వంచుకొని జపమాల పూసలు తిప్పుతున్నాడు. ఆయన చేతిలో జపమాల నేను పెండ్లయ్యాక చూడటం అదే మొదలు. తలుపు తీసి డాక్టరమ్మ బయటికి వచ్చి, సరైన చోటనే కూర్చున్నది, ముక్కులోంచి ఒక సన్నని గొట్టం కూడా పేగుల్లోకి దించినం, ఆహారం దాంట్లోంచి ఇస్తం అని చెప్పింది.

రెండో రోజుకే సంచిలో పచ్చనీరు తగ్గింది. జ్వరం దిగింది. అత్తమ్మను మళ్లీ వార్డుకు తెచ్చారు. చర్చి నుంచి ఆడవాళ్లు వచ్చి మంచం చుట్టూ నిలబడి ప్రార్థన మొదలుపెడితే, జర మెల్లగ చెయ్యిండ్రి, పక్క మంచపామె ఇప్పుడే పండుకున్నదని చెయ్యి ఊపి చెప్పింది.

కష్టం అప్పుడు మొదలైంది, ఎందుకంటే పానం తేరుకున్నకొద్దీ ఆకలి కూడా తెలిసింది. ముక్కు గొట్టంలోంచి పాలలాంటి ఆహారం సన్నగా దిగుతూనే ఉంటుంది, దాంతో బలం వస్తుంది గానీ నోటికి రుచి లేదు, గొంతు తడవదు. వార్డులో తక్కినవాళ్లకు ఇండ్ల నుంచి టిఫిన్ డబ్బాలు వస్తాయి. ఏ డబ్బా మూత తీసినా అత్తమ్మ ముక్కుపుటాలు కదిలేవి. అది పులిహోర, అది చింతచిగురు పప్పు, ఆ కోడికూర మాడింది అని కండ్లు మూసుకొని చెప్పేది. నేను చూడలేక నా డబ్బా పట్టుకొని మెట్ల దగ్గరికి పోయి నాలుగు ముద్దలు మింగి వచ్చేదాన్ని.

ఒకనాడు తిరిగి వస్తే నన్ను దగ్గరికి పిలిచింది.

"యాడ తిన్నవ్?"

మెట్ల కాడ అన్నాను.

"నువ్వు దాసుకొని తింటే నా కడుపు నిండుతదా? రేపటి సంది ఈడ కూసొని తిను. నేను సూస్త."

మరునాడు ఆమె ముందే డబ్బా తెరిచాను. బీరకాయ కూర, అన్నం. ఆమె పక్కకు ఒరిగి చూస్తోంది. అన్నం జర పలుకున్నదా అని అడిగింది. ఉన్నదన్నాను. కూరలో పాలు పోసినవా అన్నది. పోసిన అన్నాను. మంచిగుంటది, పోస్తే మెత్తగైతది అన్నది. నా వంట గురించి ఆమె నోట ఒక మాట రావడం నా ఎరుకలో అదే మొదలు, అది కూడా తినకుండా, వాసనను బట్టి. ఆ రోజు నుంచి నేను ఎక్కడికీ పోలేదు. ఏం వండానో చెప్పి తినేదాన్ని, ఆమె వినేది.

ఆ రోజుల్లోనే ఒక దావత్ వచ్చి పడింది. పరకాలలో మా ఇంటి వెనకాల ఉండేవాళ్ల కొడుకు పెండ్లి. వంట తానే చేస్తానని ఎప్పుడో మాటిచ్చింది. ఇంకెవరినైనా పెట్టుకుంటామని వాళ్లే వచ్చి చెప్పినా ఈమె వినలేదు. మా ఆడోళ్లు చేస్తరు, నేను ఫోన్లుంట అన్నది. డాక్టరమ్మను అడిగితే మాట్లాడొచ్చు, కానీ గట్టిగా అరవొద్దు, అలిసిపోతే ఆపెయ్యాలి అన్నది.

దావత్ పొద్దున ఫోన్ నేనే పట్టుకున్నాను. ముక్కులో గొట్టంతో, పొట్టకు కట్టుతో, తలగడకు ఆనుకొని ఆమె మటన్ వండించింది. అవతల పొయ్యి దగ్గర నిలబడ్డామె చాలా భయపడుతోంది. ప్రతిదానికీ అక్కా ఏం చెయ్యాలె అని అడుగుతోంది. ఉల్లిగడ్డలు వేగుతున్నయంటే, ఫోను గంజు కాడ పెట్టు, సప్పుడు విననియ్యి అన్నది అత్తమ్మ. నేను స్పీకర్ పెట్టాను. వార్డంతా నూనె చిటచిట వినిపించింది. ఇంక కాలేదు, సప్పుడు ఇంక తడి మీదున్నది అన్నది. కాసేపటికి మళ్లీ విని, ఇగ అల్లం ఎయ్యి అన్నది. పక్క మంచపామె కూడా లేచి కూర్చొని వింటోంది. బగార అన్నానికి ఎసరు దగ్గరికి వచ్చేసరికి అత్తమ్మ అలిసిపోయింది. మిగిలింది మీకెరుకే అని ఫోన్ నాకిచ్చి కండ్లు మూసుకున్నది.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. అందరూ తిన్నారట, ఉప్పు సరిపోయిందట, ఎవరూ వంకపెట్టలేదట. నేను చెబితే ఆమె నవ్వి గోడ వైపు తిరిగి పడుకుంది. చుక్క నీళ్లు తాగని మనిషి ఊరంతటికీ అన్నం పెట్టింది అనుకున్నాను. ఆ మాట ఆమెతో అనలేదు.

అంతా కుదుటపడుతోందని అనుకున్నప్పుడు సంచిలో మళ్లీ పచ్చనీరు కనిపించింది. ముందు కాస్త, తర్వాత ఎక్కువ. పొట్టలో నొప్పి కూడా తిరిగి వచ్చింది. ఎక్స్‌రే తీసి, స్కాను కూడా చేస్తే స్టెంటు పెట్టిన చోట లేదు, కిందికి జారింది.

మా ఆయన ఈసారి గట్టిగానే మాట్లాడాడు. నేను మొదట్నే చెప్పిన అని వరండాలో అందరి ముందూ అన్నాడు. కోపంతో అన్నాడు గానీ, మాట అయిపోగానే గోడకానుకొని నిలబడి ముఖం తుడుచుకున్నాడు. అత్తమ్మకు మేము చెప్పక ముందే తెలిసిపోయింది. ఇన్నాళ్లలో ఎన్నడూ ఏడవని మనిషి కండ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. ఇగ సాలు బిడ్డా, ఇంటికి తీస్కపోండ్రి, ఒక్క గుక్కెడు నీళ్లు తాగి పండుకుంట అన్నది. నేను ఆమె చెయ్యి పట్టుకొని కూర్చున్నాను.

సాయంత్రం కాకముందే డాక్టరమ్మ వచ్చింది. వేరే చోట పని ముగించుకొని వచ్చినట్టుంది, జుట్టు మీద ఇంకా ఆపరేషన్ థియేటర్ టోపీ ఉంది. స్టూలు మీద కాదు, మంచం అంచు మీద కూర్చున్నది.

"జారొచ్చని చెప్పిన గద అమ్మా. జారింది. రేపు మల్ల పైకి తెచ్చి పెడతం. ఈసారి కదలకుండ చిన్న క్లిప్పులు పెడత. స్కానుల నేను చూసిన, చిల్లు ముందటికన్న చిన్నగైంది. ఇంకొక్కసారి నాకు అవకాశమియ్యి."

అత్తమ్మ ఆమె ముఖం వైపే చూస్తోంది.

"పొద్దుటి సంది తిన్నవా నువ్వు?" అని అడిగింది.

డాక్టరమ్మ తడబడింది. ఇంకా లేదు, టైం దొరకలేదన్నది.

"పోయి తిను. రేపు కూడ తినే రా. ఆకలి మీద చేతులు వణుకుతయ్" అన్నది అత్తమ్మ.

అదే ఆమె ఒప్పుకోలు. డాక్టరమ్మ లేచి ఆమె భుజం మీద చెయ్యి వేసి, అట్లనే అని చెప్పి వెళ్లింది. తలుపు దాటాక టోపీతో కండ్లు తుడుచుకోవడం నేను చూశాను.

రెండోసారి స్టెంటు నిలిచింది. సంచిలో నీరు రోజురోజుకూ తగ్గి చివరికి ఏమీ రాని రోజు వచ్చింది. ఒక పొద్దున ఎక్స్‌రే గదిలో ఆమెతో తెల్లటి మందు నీళ్లు తాగించి, తెర మీద చూశారు. ఆ నీళ్లు గొట్టం లోపల్నుంచి నేరుగా కిందికి దిగాయి. పక్కకు ఒక్క చుక్క పోలేదు. సర్జన్, డాక్టరమ్మ ఇద్దరూ తెర ముందు నిలబడి చూసి తలలూపుకున్నారు. ఆ సాయంత్రం మామూలు నీళ్లు ఇవ్వొచ్చన్నారు.

గిలాసలో కాసిన్ని పోసి నేనే ఇచ్చాను. ఆమె వెంటనే మింగలేదు. నోట్లోనే పెట్టుకొని కూర్చుంది. తర్వాత మెల్లగా మింగి, సల్లగున్నయ్ అన్నది. తర్వాతి రోజుల్లో మజ్జిగ, పలచటి జావ ఇచ్చారు. పక్క గొట్టమూ, ముక్కు గొట్టమూ తీసేశారు. స్టెంటు మాత్రం ఇంకొన్ని వారాలు లోపలే ఉండాలి, మెత్తటివే తినాలి, నొప్పి వచ్చినా జ్వరం వచ్చినా వెంటనే రావాలి అని చెప్పి ఇంటికి పంపారు.

ఆమెను హసన్‌పర్తికి తీసుకువచ్చాము. పరకాల పోతనని ఒక్కసారి కూడా అనలేదు. సెలవులు అయిపోయి బడి మొదలైంది. పొద్దున్నే నేను రాగి జావ కాచి, మెత్తగా అన్నం వండి పెట్టి పోయేదాన్ని. మధ్యాహ్నం వచ్చేసరికి తిని, కంచం కడిగి బోర్లించి ఉంచేది. నడుము వంచొద్దని చెప్పినా వినేది కాదు. సాయంత్రాలు ఇద్దరం గుమ్మం ముందు కూర్చునేవాళ్లం. మామ ఎట్లాంటి మనిషో, మొదటి దావత్‌లో అన్నం ముద్దయిపోయి ఎంత ఏడ్చిందో, మా ఆయన చిన్నప్పుడు ఎంత మొండివాడో ఆమె చెప్పేది. నేను బడి సంగతులు చెప్పేదాన్ని. ఒకసారి లోపల అదున్నట్టు తెలుస్తాందా అని అడిగాను. తెల్వదు, కానీ తినేటప్పుడు యాదికొస్తది, దానికి తగులకుండ మెల్లగ పోనిద్దామనిపిస్తది అన్నది.

ఆ వారాలు గడిచాక మళ్లీ మత్తు ఇచ్చి స్టెంటు తీశారు. చిల్లు పూడిపోయి ఆ చోట లేత గులాబీ రంగు మచ్చ మాత్రమే మిగిలిందని డాక్టరమ్మ తెర మీది ఫోటో చూపించింది. తీసిన గొట్టాన్ని ట్రేలో పెట్టి తెచ్చింది. పసుపు మరకలతో, చిటికెన వేలంత పొడవుతో, తీగల అల్లిక. అత్తమ్మ దాన్ని ముట్టుకోకుండా అటూ ఇటూ తిప్పి చూపించమంది. గిదేనా అన్నది, అంతే. పుండుకు కారణమయ్యే క్రిమి కూడా పరీక్షలో బయటపడిందని దానికి మందులు రాశారు. నొప్పి గోలీలు జన్మలో ముట్టుకోవద్దన్నారు. మోకాళ్లకు పట్టీ, వ్యాయామం వేరే డాక్టరు చెప్పాడు. మోకాళ్లు ఇప్పటికీ నొస్తాయి. అత్తమ్మ పరకాలకు తిరిగి పోయింది. దావత్‌లకు పోతుంది గానీ కుర్చీ వేసుకొని కూర్చుంటుంది, పొయ్యి దగ్గర ఇప్పుడు ఆ ఫోన్‌లో భయపడ్డామె నిలబడుతోంది. తనతో వచ్చే ఆడవాళ్లెవరూ ఉత్త కడుపుతో గోలీ మింగకుండా అత్తమ్మే పోయి కొంగుముడులు వెతికి మరీ గోలీలు పారేయిస్తోందని విన్నాను.

కొన్ని నెలల తర్వాత డాక్టరమ్మ నాకు ఫోన్ చేసింది. రఘునాథపల్లి దగ్గరి ఊరి రైతు ఒకాయనకు అట్లాగే ఆపరేషన్ తర్వాత లీకయిందనీ, స్టెంటు అంటే ఆయనా, భార్యా బెదిరిపోతున్నారనీ, అత్తమ్మ ఒకసారి వచ్చి మాట్లాడుతుందా అనీ అడిగింది. అత్తమ్మకు చెబితే మరునాడు పొద్దున్నే పరకాల బస్సు దిగి హనుమకొండలో నా కోసం ఎదురుచూస్తోంది.

ఆ రైతు సన్నగా, గడ్డం మాసి, సంచిలోని పచ్చనీరునే చూస్తూ పడుకొని ఉన్నాడు. భార్య కాళ్ల దగ్గర నిలబడి ఉంది. అత్తమ్మ వాళ్లిద్దరికీ తన పేరూ ఊరూ చెప్పి, మంచం పక్కన కూర్చున్నది. నేను ధైర్యం చెబుతుందనుకున్నాను.

"నోట్లకెల్లి పెట్టేటప్పుడు నీకు తెల్వదు తమ్మీ, మత్తిస్తరు. తర్వాత ఆకలైతది. మస్తు ఆకలైతది. ఈ చెల్లె నీ ముంగటనే కూసొని తింటది, కోపానికి రాకు. జారొచ్చు. నాది జారింది, మల్ల పెట్టిండ్రు. గిప్పుడు చూడు, నీ ముంగట కూసున్న."

పొట్ట మీద ఎక్కడ కోశారో చూపించమని భార్య అడిగింది. అత్తమ్మ తెర లాగి ఆమెకు మచ్చ చూపించింది. ఆ ఇద్దరూ తెర వెనకాల మెల్లగా చాలా సేపు మాట్లాడుకున్నారు. నేను ఆయన దగ్గరే నిలబడ్డాను. కొంతసేపటికి ఆయన నా వైపు తిరిగి, ఇప్పుడు ఆమె కారం తింటదా అని అడిగాడు. తింటది, జర తక్కువ అన్నాను. ఆయన కండ్లు మూసుకొని, అయితే పెట్టుమను డాక్టరమ్మను అన్నాడు.